నలభై ఒకటో భాగానికి ఏ వాక్యం?

ఆ సీరియల్‌ను ఆపించాలంటే ముందు దాన్ని మొత్తం చూడాలి. ఆ పనిని చర్చి సంఘ పెద్దలు రిటైరైన హెడ్మాస్టరు గారికి అప్పగించారు. ఇద్దరు మగవాళ్ళు కాపురం చేస్తున్నట్టు చూపిస్తున్నారు, అది లేఖనాలకు విరుద్ధం, ఛానెల్‌కు రుజువులతో ఉత్తరం రాయాలని వాళ్ళ మాట. ఆయన నోటుబుక్కులో మూడు గడులు గీయించారు: భాగం, సన్నివేశం, అది తప్పని చెప్పే బైబిలు వాక్యం. కంటి ఆపరేషన్ అయి దగ్గరి అక్షరాలు ఆనకపోవడంతో రాత పని భార్య మీద పడింది.

రోజూ మధ్యాహ్నం ఆయన చెబుతుంటే ఆమె రాస్తూనే ఉంది... పక్కనున్న మనిషికి చెప్పలేని మాటను గుండెల్లో అదిమిపెట్టుకుని! పదకొండు రోజుల క్రితం చిన్నకూతురికి కడుపు ఆపరేషన్ అయింది. స్త్రీల ప్రార్థన కూటమని అబద్ధం చెప్పి ఆమె నాలుగుసార్లు వెళ్ళి చూసి వచ్చింది. నాలుగేళ్ళ క్రితం చిన్నది ఒక నర్సు పిల్లతో కలిసి ఇల్లు తీసుకుని, "మేమిద్దరం ఇక కలిసే ఉంటాం నాన్నా" అన్ననాడే, దాని పేరు ఈ ఇంట్లో ఎత్తొద్దన్నారాయన. మంచం మీద చిన్నది అడిగింది ఒక్కటే. "నాన్న ఒకసారి ఫోన్ చేస్తాడా అమ్మా?"

నలభై ఒకటో భాగం మొదలైంది. తెర మీద ముసలి తండ్రికి పక్షవాతం. పెద్దకోడలు ముక్కు మూసుకుని బయటికి నడిచింది. చిన్నకొడుకుతో ఉంటున్న కుర్రాడు వచ్చి పక్కబట్టలు మార్చి, ముసలాయనకు చెంచాతో పాలు పట్టాడు.

"దీనికేం వాక్యం వేయను? రోజూ వేసే లేవీయకాండమేనా?" అంది ఆమె.

"ఉండవే, చూడనీ."

"పోనీ, రోమా పత్రిక?"

"తొందరపెట్టకు. వాడిప్పుడేం చేశాడని? పక్క మార్చాడు, అంతేగా."

"గడి ఖాళీగా వదిలేయనా? ఖాళీలు వదిలితే పిల్లలకు సున్నా వేసేవారు మీరు."

ముప్పై ఏళ్ళు బైబిలు చదివిన ఆయన నోరు ఊరుకోలేకపోయింది. "మత్తయి ఇరవై ఐదు, ముప్పై ఆరు. రోగిని చూడవచ్చిన వాళ్ళ గురించి."

ఆమె రాసి, కలం పక్కన పెట్టింది. "ఇది వాళ్ళ తప్పు కిందికే వస్తుందాండీ?"

 ఆమె మళ్ళీ కలం తీసుకుంది.

"ఇంకో సన్నివేశం ఉంది, వినండి. మన చిన్నదానికి కడుపు కోశారు. కుట్లింకా మానలేదు. కన్నతల్లిని, దొంగలా నాలుగుసార్లు వెళ్ళొచ్చాను. మిగతాదంతా ఆ నర్సు పిల్లే... ఒళ్ళు తుడిచింది, ముద్ద పెట్టింది, కుర్చీలోనే పడుకుంది. దానికేం వాక్యం వేయమంటారు?"

"నాకెందుకు చెప్పలేదు?"

"చెబితే వచ్చేవారా?"

ఆయన రిమోట్ కోసం తడుముకుని టీవీ కట్టేశారు. "దాని నంబరు కలుపు" అన్నారు.

అవతల ఎత్తింది నర్సు పిల్ల. తానెవరో ఆయన చెప్పగానే ఆ పిల్ల గొంతు తగ్గించింది. "పడుకుందండీ... లేపమంటారా?"

"వద్దు, నిద్రపోనీ."

ఫోన్ భార్య చేతిలో పెట్టబోయి ఆగారు. మళ్ళీ చెవికి ఆనించుకున్నారు.

"నువ్వే చెప్పమ్మా. నొప్పి తగ్గిందా దానికి? ఇంతకీ... నువ్వు తిన్నావా?"