వర్ధనమ్మగారి ఎడమ అరచెయ్యి

మత్స్యరాజు మేడమెట్లు ఎక్కి వచ్చేసరికి డిటెక్టివ్ మన్మథరావు తాటిముంజెలు ఒలుచుకుంటున్నాడు. పేరుకి మన్మథుడేగాని ఆయన అనంగుడు కాడు, కుర్చీ పట్టనంత అంగాలు. అసిస్టెంటు కొండబాబుదీ పేరే కొండ, మనిషి చీపురుపుల్ల. నర్సీపట్నంలో వాళ్లకి తగిలేవన్నీ తప్పిపోయిన గేదెల కేసులే కనక, వచ్చినవాడి కళ్లలో బెదురు చూడగానే కొండబాబుకి ప్రాణం లేచొచ్చింది.

"బేగి రండి బాబూ. మా గుంట వరలక్ష్మి పియానో మాస్టరమ్మ సెయ్యి కాల్సేసిందంతన్నారు. పోలీసోలికి సెప్తారట," అన్నాడు మత్స్యరాజు. జీడితోటల రైతు. తలపాగా తీసి నలుపుతున్నాడు.

సంగతి కొండబాబుకి సగం తెలుసు. ఎమర్జెన్సీ ఎత్తేసిన మరుసటేడు, రోహిణి కార్తె రోజులవి. ఇంగ్లీషు సీమదాకా వెళ్లి కచేరీలు చేసొచ్చిన వర్ధనమ్మగారు, కళాసమితి పిలుపు మీద మద్రాసు నుంచి పుట్టినూరు వచ్చారు. రెండు రోజుల మాస్టర్ క్లాసు. పిల్లలు ఒక్కొక్కరే అందరి ముందూ వాయిస్తే ఆవిడ అక్కడికక్కడే దిద్దుతారు. ఆఖర్న ఒకరిని మద్రాసు తీసుకెళ్లి, ఇంట్లో పెట్టుకుని నేర్పుతారు. ఆ ఒక్కరూ తానే కావాలని మత్స్యరాజు కూతురు వరలక్ష్మి, బడిలో ప్రార్థనకి ఆర్గాన్ వాయించే పిల్ల, నెలరోజులుగా నిద్రలో కూడా వేళ్లు ఆడిస్తోందట.

పియానో ఎలా ఉంటుందో చూద్దామని మొదటి రోజు కొండబాబు వెళ్లాడు. బీరువాలా ఉంది. దానికీ మెట్లుంటాయి, కాకపోతే ఎక్కేది వేళ్లు. ఏజెన్సీ కొండల్లో కాఫీతోట దొర వదిలేసిన ఆ వాద్యం ఏళ్ల తరబడి సమితి హాల్లో గోడకి ఆనుకుని ఉండేది. పిల్లల చేతులు అందరికీ కనబడాలని ఆ రోజే మధ్యకి లాగారు. వర్ధనమ్మగారు అప్పుడప్పుడు వంగి రెండు చేతులా వాయించి చూపేవారు. మిగతాసేపంతా పియానో వెనక నిలబడి, దాని వీపుకి ఎడమచెయ్యి ఆనించి కళ్లు మూసుకునేవారు, జ్వరం చూసే డాక్టర్లా. "దీనికి జలుబు చేసినట్టుందే," అన్నారొకసారి. వరలక్ష్మి వంతు వచ్చినప్పుడు మాత్రం, "జీడిపిక్కలు కొడుతున్నట్టు వాయించకమ్మా," అన్నారు. అందరూ నవ్వారు. పిల్ల ఏడ్చింది.

తెల్లారేసరికి ఆవిడ చేతినిండా బొబ్బలు. జీడిపిక్కల పెంకుల్లోంచి తీసే జీడి నూనె పడితే ఇలాగే పొక్కుతుందని డాక్టరు చెప్పాడు. జీడి అనగానే జీడితోటల వాళ్ల పిల్ల గుర్తొచ్చింది అందరికీ.

వీళ్లు వెళ్లేసరికి హాలు సంతలా ఉంది. చేతి బొబ్బలు వర్ధనమ్మగారివి, నోటి బొబ్బలు సమితి కార్యదర్శి సూర్యనారాయణమూర్తివి. పేరులో సూర్యుణ్ణీ ఒంటిమీద సన్మానం శాలువానీ మోస్తున్నాడాయన. ఒంట్లో నలతగా ఉందట. మెట్లకి విషం పూశారనీ, ఆ పిల్లని గడప దాటనివ్వకూడదనీ ఆయన వాదం.

మన్మథరావు ఆ వాదం జోలికి పోలేదు. "చెయ్యి చూడొచ్చాండీ?" అని వర్ధనమ్మగారిని అడిగాడు. కట్టు విప్పితే ఎడమ అరచేతి నిండా పొక్కులు. వేళ్ల కొసలు మాత్రం శుభ్రంగా ఉన్నాయి. కుడిచేతికి ఏమీ లేదు.

తరవాత వరలక్ష్మి చేతులు చూశాడు. పాలమీగడలా ఉన్నాయి.

"పిక్కలు నువ్వు కొట్టవా?"

"మాయమ్మ కొడతాది. నన్ను ముట్టనీదండి, ఏళ్లు పాడైపోతాయని."

హాలు తాళం ఎవరి దగ్గరుంటుందని అడిగితే, కార్యదర్శి మొలతాడుకే అన్నారంతా. వాయించేవాళ్లకి తాళం తప్పొచ్చుగాని ఆయనకి తాళం తప్పదట. మన్మథరావు గోడ దగ్గరికి నడిచాడు. పియానో ఆనుకుని ఉన్న మేర, కొత్తగా గీకేసిన మట్టి చారలున్నాయి. అవి కొండబాబుకీ కనబడ్డాయి. బూజు దులిపారనుకున్నాడు.

"అందరూ కూర్చోండి. అమ్మా వరలక్ష్మీ, నిన్నటి పాట వాయించు," అన్నాడు మన్మథరావు.

కార్యదర్శి అభ్యంతరం చెప్పబోతే వర్ధనమ్మగారే, "వాయించనివ్వండి," అన్నారు. పిల్ల వణుకుతూ మొదలుపెట్టి, వణుకు మరిచిపోయి ముగించింది. హాలంతా చప్పట్లు. శాలువా మాత్రం కదల్లేదు.

"ఏం మూర్తిగారూ, నచ్చలేదా? పోనీ, చేతులొకసారి బైట పెట్టండి," అన్నాడు మన్మథరావు.

శాలువా ఇంకా బిగిసింది. మన్మథరావు జనం వైపు తిరిగాడు.

"మెట్లకి పూస్తే ముందు వేళ్ల కొసలు పొక్కాలి. రెండు చేతులూ పొక్కాలి. వాయించిన ప్రతి పిల్లా ఏడవాలి. పొక్కింది ఎడమ అరచెయ్యొక్కటే. అది ఎక్కడ ఆనిందో మా కొండబాబు నిన్న కళ్లారా చూసి, దారిలో నాకు చెప్పాడు. పియానో వీపుకి! అమ్మా, అక్కడ జిగురుగా లేదూ?"

"ఎండకి పాలిష్ కరిగిందనుకున్నానండీ," అన్నారు వర్ధనమ్మగారు.

"జీడి నూనె. గోడ మీది మట్టి చారలు చెదవి, అది పియానో వెనక్కీ పాకింది. మన ఊళ్లో చెదలకి మందేమిటి? దూలాలకీ వాసాలకీ పూసేదే దీనికీ పూశారు. చెక్క నూనె తాగి గొంతు మూసుకుపోయింది, అందుకే ఆ జలుబు. తాళం ఒక్కరిదే. రోళ్లు పగిలే ఎండలో శాలువా కప్పిందీ ఒక్కరే. చప్పట్లు కొట్టనిదీ ఒక్కరే."

సూర్యనారాయణమూర్తి శాలువా జారవిడిచాడు. రెండు చేతులూ ఉడికిన బంగాళాదుంపల్లా ఉన్నాయి.

"చెదపట్టిన పియానో పెట్టామని ఆవిడ నవ్వుతారని భయపడి, మొన్న రాత్రి నేనే పూశానండీ. పొద్దున చెప్పేద్దామనే వచ్చాను. నేను నోరు తెరిచేలోపే ఎవరో ఆ పిల్ల పేరు అన్నారు. అదే... సుఖంగా అనిపించింది."

మత్స్యరాజు ఆయన వైపు చూశాడు. తిడతాడేమోనని కొండబాబు ఎదురుచూశాడు. "కొబ్బరినూని రాయండి బాబూ, సలవ సేత్తాది," అన్నాడంతే మత్స్యరాజు. కార్యదర్శి తల ఇంకాస్త వంగింది.

వర్ధనమ్మగారు లేచి పియానో ముందు వరలక్ష్మి పక్కన కూర్చున్నారు. "నిన్న నేనన్న మాట తప్పమ్మా. దెబ్బ గట్టిగా ఉన్నా నీ లెక్క తప్పలేదు. నాకిప్పుడు ఎడమచెయ్యి లేదు. ఎడమది నువ్వు వెయ్యి, కుడిది నేను వేస్తాను." కట్టు సర్దుకుంటూ అడిగారు: "తునిలో మద్రాసు రైలు ఎక్కితే మళ్లీ రాత్రంతా కూర్చోవాలి. నీకు రైల్లో నిద్రపడుతుందా?"

పిల్ల తండ్రి వైపు చూసింది. తండ్రి తలపాగాతో మొహం తుడుచుకుంటున్నాడు.

ఇద్దరి రెండు చేతులూ ఒక మనిషివైనట్టు పాట నడిచింది, జలుబుతోనే. ముగిశాక చప్పట్లు మోగి, తగ్గి, ఆగిపోయాయి. శాలువా జారిన మూల నుంచి మాత్రం ఇంకా వినబడుతున్నాయి, మెల్లగా, తడిగా.

"మరి ఆయనకి శిచ్చ ఏటండీ?" అని గొంతు తగ్గించి అడిగాడు కొండబాబు.

"వినబడటంలేదూ?" అన్నాడు మన్మథరావు.