కొరికిన సిగార్

"నన్నే పట్టుకెళ్తారండీ," అంది ఆమె, డిటెక్టివు ఎదుట కుర్చీ అంచున కూర్చుని. "విస్కీ పోసింది నేనే. మా ఆయన గ్లాసులోనే విషం దొరికింది."

శనివారం సాయంత్రం ఆమె భర్త, ఆమె అన్న, ఒక పళ్ల డాక్టరు, ఒక లెక్చరర్ ఎప్పటిలాగే కూర్చున్నారు. లెక్చరర్ పొద్దున్నే పంపిన ఖరీదైన సిగార్ల పెట్టె తెరిచారు. సగం సిగార్ కాలకముందే భర్త కుప్పకూలి చనిపోయాడు.

ఆమె మణికట్టు మీద కమిలిన మచ్చలు డిటెక్టివు పక్కనున్న అసిస్టెంటమ్మాయి కంటపడ్డాయి. డిటెక్టివు మాత్రం ఏమీ అడగలేదు. నేరుగా ఆమె ఇంటికెళ్లి, వాళ్లు కూర్చున్న గదిలో యాష్‌ట్రేలో బూడిద కెలికాడు. కోసిన సిగార్ కొసలు మూడే ఉన్నాయి.

"సిగార్లు తాగింది నలుగురు కదా?" అన్నాడు, అక్కడికి పిలిపించిన పళ్ల డాక్టరుతో.

"పోయిన మావాడు సిగార్‌కి మూసి ఉండే కొసని పళ్లతో కొరికి ఉమ్మేసేవాడండీ. మేమూ అంతే. ఆ రోజే ఆవిడ అన్నగారు కొసలు కోసే కొత్త కట్టర్ తెచ్చి, మా ఇద్దరివీ తనే కోసిచ్చారు. వాడికీ ఇవ్వబోతే, పళ్లూడిన వాళ్లకివ్వమన్నాడు."

మర్నాడు అందరూ అదే గదిలో చేరారు.

"సీసాలో విషం లేదు," అన్నాడు డిటెక్టివు. "పెట్టెలో మిగిలిన ప్రతి సిగార్ కొసకీ ఉంది. కోసుకున్నవాళ్లు బతికారు. కొరికినవాడి పెదాల నుంచే విషం గ్లాసులోకి దిగింది. ఆయన మొండితనం తెలిసినవాళ్లే ఆ కట్టర్ తెచ్చారు."

అన్న తల వంచుకున్నాడు.

"మధ్యాహ్నమే వచ్చి పూశాను. గుండెపోటనుకుంటారనుకున్నాను. నిన్ను అనుమానిస్తారని కల్లో కూడా అనుకోలేదమ్మా. వాడు నిన్ను గొడ్డును బాదినట్టు బాదుతుంటే, వాడి పక్కనే కూర్చుని ఎన్నాళ్లు నవ్వను?"

ఆమె లేచి వెళ్లి అన్న చెయ్యి పట్టుకుంది.

"ఆ శనివారమే బట్టలు సర్దుకున్నానన్నయ్యా," అంది. "తెల్లారితే నీ ఇంటికే వచ్చేద్దామనుకున్నాను. నాతో ఒక్క మాట అనుంటే సరిపోయేది కదా."

అన్న ఆమె మొహంలోకి చూడలేకపోయాడు. పోలీసులు వచ్చేదాకా ఆమె మాత్రం అతని చెయ్యి వదల్లేదు.