ఎస్తేరు మూడు

మూడు సెకన్లని చేత్తో ఇరవయ్యోసారి కూడా లెక్కపెట్టాక ఎస్తేరు కళ్ళు తెరిచింది. పరీక్ష పెట్టె మీద ఆకుపచ్చ దీపం వెలిగింది. సగటు మూడు పాయింట్ రెండు రెండు. అటూ ఇటూ మన్నింపు పావు సెకను. అంటే మన్నింపు లోపలే ఉంది. తొమ్మిదేళ్ళుగా ఆ అంకె పెద్దగా కదిలింది లేదు. ఆమె సంతకం పెట్టి, కుడి మణికట్టుకి పట్టీ బిగించుకుని, ఈలను మెడలో వేసుకుంది.

స్టేడియంలో పగటి కరెంటు మాత్రమే ఉంటుంది కాబట్టి బాస్కెట్‌బాల్ మ్యాచ్ పదకొండింటికి. కాకినాడకీ బందరుకీ. లాటరీలో కాకినాడ దాడి లెక్క ఎస్తేరుకి పడింది. కాకినాడ ఏ బుట్ట వైపు దాడి చేస్తే ఆ బుట్ట కింద నిలబడి, గూడులో, అంటే బుట్ట ముందు గీసిన చదరంలో, బందరు మనిషి కాళ్ళు ఎంతసేపు ఉన్నాయో చేత్తో లెక్కపెట్టడం ఆమె పని. ఎవరినీ అంటిపెట్టుకోకుండా ఊరికే గూడులో కాపలా ఉన్న మనిషి మూడులోపు బయటికి వెళ్ళాలి. వెళ్ళకపోతే ఈల. ఇలా లెక్కపెట్టే లెక్కరి గడియారం వైపు చూడకూడదు, బంతి వైపు చూడకూడదు. కాళ్ళే చూడాలి. ఒకప్పుడు ఈ పని యంత్రం చేసేది. మా బతుకు మనిషి చేతిలో పెట్టండి, యంత్రం చేతిలో వద్దు అని ఆడేవాళ్ళు సమ్మె చేశాక లెక్కరులు వచ్చారు.

లోపలికి వెళ్ళే దారిలో, బల్ల మీద మోకాళ్ళకి ఐసు సంచులు కట్టుకుని ఉరుకుందమ్మ కూర్చుని ఉంది. కాకినాడ జట్టుకి సెంటర్, అంటే బుట్ట దగ్గర ఆడే పొడుగు మనిషి. ఆరడుగుల ఏడంగుళాలు. లీగ్ మొత్తంలో సెంటర్లని చెప్పుకోదగ్గవాళ్ళు ఇద్దరు మిగిలితే అందులో ఒకతె.

"అక్కా, ఈ పొద్దు నువ్వేనా?"

"నేనే."

"సరే పో."

ఎస్తేరు ఆగింది. "ఏం, నేనైతే ఏందంట?"

"ఏం లేదులేక్కా. ఈ ఏడు బాలు కన్నా నీ చెయ్యే ఎక్కువ సూసినా. నిద్రలో గూడా అదే కనపడతాంది." ఉరుకుందమ్మ ఐసు సంచిని కొంచెం పైకి జరుపుకుంది. "ఈ పొద్దు పన్నెండు పాయింట్లు సెయ్యాల. లేకుంటే తీసేసేవాళ్ళ జాబితాలో ఏస్తారంట."

"ఆ తర్వాత?"

"తర్వాతేముంది. సెంటర్లే వద్దంటాండారు గదా. ఇంత పొడుగు మనిషికి ఆదోనిలో ఏం పనుంటాది, బస్సు పైన మూటలు సర్దాల. నిచ్చెన ఖర్చు తప్పుతాది వాళ్ళకు."

ఆమె నవ్వలేదు. ఎస్తేరూ నవ్వలేదు. ఇద్దరూ పనిలోకి వెళ్ళిపోయారు.

మొదటి సగం ఎప్పటిలాగే నడిచింది. బందరు వల వేసింది. వల మనిషిని కాయదు, చోటుని కాస్తుంది. అయిదుగురి కాలిపట్టీల్లోకి పైనున్న యంత్రం నుంచి చిన్న చిన్న అదుర్లు వస్తుంటాయి, ఎటు అదిరితే అటు అడుగు వేస్తారు. సెంటర్ అనే మనిషి బలమంతా ఒంటిది. ఎదుటి మనిషిని వీపుతో నెట్టుకుంటూ బుట్ట దాకా వెళ్ళగలదు. నెట్టడానికి అక్కడ ఒళ్ళే లేకపోతే ఆ బలం దేని మీద పెట్టాలి? ఉరుకుందమ్మ ముందు ఒకతె దారి కాస్తుంది, వెనక గూడులో ఇంకొకతె ఉంటుంది. బంతి వస్తుందంటే మూలల్లోంచి మరో ఇద్దరు ముసురుకుంటారు. ఇక బంతి ఇవ్వడం దండగని కాకినాడ పిల్లలు దూరం నుంచే బుట్టకి వేసుకుంటున్నారు. ఆమె స్తంభంలా నిలబడి ఉంటుంది.

ఆమెకి మిగిలిన సందు ఒక్కటే. గూడు కాసే మనిషి మూడుకి బయటికి అడుగేసి మళ్ళీ లోపలికి వచ్చే లోపు ఉన్న అర సెకను. కాకినాడ బంతి ఇవ్వడానికి ఎదురుచూసేది ఆ అర సెకను కోసమే.

ఎస్తేరు చెయ్యి ఊగింది. ఒకటి, రెండు, మూడు. గూడు కాసే బందరు మనిషి తెల్ల బూట్లు బయటికి వెళ్ళాయి, లోపలికి వచ్చాయి. ఒకటి, రెండు, మూడు. బంతి ఎక్కడో ఎవరి చేతికో తగిలి పక్కకి పోయిన చప్పుడు వినపడింది. ఆమె తల ఎత్తలేదు. సగం ముగిశాక ఉరుకుందమ్మ నాలుగు చేసిందని పైన బోర్డు మీద చదివింది.

విరామంలో టీ దగ్గర సుభాని కలిశాడు. బందరు వలని నడిపే ఇంజనీరు. గాజు గదిలో కూర్చుంటాడు, కలుపుగోలు మనిషి.

"ఏం మేడం, బిస్కెట్ తీసుకోరా? మీకు ఎన్ని ఇచ్చినా మా రుణం తీరదు."

"నేనేం చేశాను?"

"లాటరీలో మీ పేరు వచ్చిందంటే మా కోచ్ గారింట్లో పాయసమే మేడం. మీ మూడు లావు కదా. అందరిదీ ఇడ్లీ అయితే మీది దిబ్బరొట్టె."

ఆమెకి అర్థం కాలేదని చూసి అతను డిజిటల్ పలక తీసి చూపించాడు. దాచుకోవాల్సిన విషయమని అతనికి తోచినట్టు లేదు. వేరే లెక్కరులు ఉన్న రోజుల్లో ఉరుకుందమ్మ బందరు మీద సగటున పద్నాలుగు చేసింది. ఎస్తేరు ఉన్న రోజుల్లో ఆరు.

"పైనున్న కళ్ళతో వల మీ చెయ్యి చూస్తుంది మేడం. మీ మూడు ఎప్పుడు పూర్తవుతుందో మీకన్నా దానికి బాగా తెలుసు. మూడు దాటిన ఆ పావు సెకనూ మావాళ్ళు లోపలే ఉంటారు. కాకినాడవాళ్ళు అసలు మూడుకే బంతి వేస్తారు, అది గాల్లోకి లేచాక మీ మూడవుతుంది. అప్పటికి మా అమ్మాయి చెయ్యి బంతి మీద ఉంటుంది."

"నాది మన్నింపు లోపలే ఉంది."

"అయ్యో, లేదని ఎవరన్నారు? కొంతమందిది ఓ రోజు లావు, ఓ రోజు సన్నం. దాంతో పని జరగదు. మీది తొమ్మిదేళ్ళుగా ఒక్కటే. మీరు బంగారం మేడం."

ఎస్తేరు టీ తాగింది. వేడిగా ఉందో చల్లారిందో తెలియలేదు. కుడి అరచేతిలో బొటనవేలి కింద రూపాయంత మేర ఆమెకి ఎప్పుడూ స్పర్శ ఉండదు. చినగంజాం ఉప్పు మడుల్లో పన్నెండేళ్ళ పాటు సెలవులన్నీ ఉప్పు పోగుచేసే చెక్క పలక లాగిన చోటు అది. ఒకటికి చాచు, రెండుకి దించు, మూడుకి లాగు అని వాళ్ళమ్మ నేర్పింది. మూడుకి పలక ముందు ఉప్పు పోగవుతుంది, బరువెక్కుతుంది. అందుకే ఆ మూడు లావు. ఆ తర్వాత డిగ్రీ చదివింది, లెక్కరి పరీక్ష రాసింది, జిల్లాలో మొదటి స్థానం వచ్చింది. చెయ్యి మాత్రం మడిలోనే ఉండిపోయింది. ఈ మాట పరీక్ష పెట్టె ఆమెకి ఎప్పుడూ చెప్పలేదు. ఆకుపచ్చ దీపం వెలిగించి ఊరుకుంది.

మూడో భాగం మొదలైంది. మొదటిసారి కుడి చేత్తోనే లెక్కపెట్టింది, కానీ ఈసారి తెల్ల బూట్లని చూడటం వేరేగా ఉంది. తన మోచెయ్యి మడత పడుతుండగానే ఆ మడమ లేస్తోంది. ఒకే తాడుకి రెండు కొసల్లా ఉన్నాయి, తన చెయ్యీ ఆ కాలూ. రెండోసారి మూడుని తొందరగా అనబోయింది. చెయ్యి వినలేదు. చివర్లో అలవాటు కొద్దీ లాగింది. బంతి ఎవరి చేతికో తగిలి పోయింది. ఉరుకుందమ్మ పదహారో సైజు బూట్లు, ఎడమదానికి నల్ల టేపు చుట్టినవి, కదలకుండా అక్కడే ఉన్నాయి.

మూడోసారి ఎస్తేరు ఎడమ చెయ్యి ఎత్తింది.

ఆ చెయ్యి ఎప్పుడూ ఉప్పు లాగలేదు. అన్నం తట్ట పట్టుకుంది, పుస్తకాలు మోసింది, అంతే. ఒకటి. రెండు. మూడు. తెల్ల బూట్లు ఇంకా గూడులోనే ఉన్నాయి. ఆమె ఈల వేసింది.

ఒక ఫ్రీ త్రో, మళ్ళీ బంతి కాకినాడకే. ఉరుకుందమ్మ వేసింది, పడింది. అయిదు.

చెవిలో కార్యాలయం గొంతు వినిపించింది. "ఎస్తేరు గారూ, మీ పట్టీలో కదలిక రావడం లేదు. ఒంట్లో బాగుందా?"

"బాగుంది సార్."

"చెయ్యి ఊపుతున్నారా?"

"ఊపుతున్నాను సార్."

తర్వాతి దాడిలో బూట్లు అవసరమైనదానికన్నా ముందే బయటికి దూకాయి. ఆ తర్వాతి దాడిలో ఆలస్యంగా వెళ్ళాయి, కానీ ఎడమ చేతి మూడు ఈసారి కొంచెం నిదానించింది, ఈల పడలేదు. ఏ లెక్కా ముందు లెక్కలా లేదు. అన్నీ మూడుకి అటూ ఇటూనే, మన్నింపు లోపలే. బంతి ఒకసారి ఉరుకుందమ్మ చేతికి చేరింది. ఏడు.

భాగం ముగిసింది. గాజు గదిలో సుభాని లేచి నిలబడి ఉన్నాడు. పలకని రెండుసార్లు తట్టి, ఎస్తేరు వైపు చూసి, చేతులు రెండూ తిప్పాడు, ఏంటి మేడం ఇది అన్నట్టు. కోపం కన్నా అయోమయమే ఎక్కువగా ఉంది ఆ ముఖంలో.

చెవిలో గొంతు మళ్ళీ వచ్చింది. ఈసారి కాగితం చూసి చదువుతున్నట్టుంది. "పరీక్ష పెట్టెలో నమోదైన మీ లయముద్ర కుడి చేతిది. ఎడమ చేతికి మీకు లైసెన్సు లేదు. నాలుగో భాగంలో కుడి చేత్తో లెక్కించండి. లేదంటే ఈ మ్యాచ్‌తో మీ పని నిలిపివేస్తాం. అర్థమైందా?"

"అర్థమైంది సార్. మూడు తప్పు పెట్టానా?"

"తప్పని కాదు. ఏ మూడు వస్తుందో ముందు తెలియడం లేదు."

నాలుగో భాగం మొదలైంది, ఎస్తేరు బుట్ట కిందికి వెళ్ళి నిలబడింది. ఆట నడుస్తుండగా తొమ్మిదేళ్ళలో మొదటిసారి తల ఎత్తి చూసింది. ఉరుకుందమ్మ గూడు అంచున, వీపు బుట్ట వైపు పెట్టి, మెడ వెనక్కి తిప్పి నిలబడి ఉంది. బంతి అటు చివర ఉంది. ఆమె దాన్ని చూడటం లేదు. ఎస్తేరు చేతులు చూస్తోంది. పన్నెండుకి ఇంకా అయిదు కావాలి.

ఎస్తేరు కుడి అరచేతిని నడుము వెనక బెల్టులోకి దోపి పట్టుకుంది. కాళ్ళ వైపు చూపు దించింది. ఎడమ చెయ్యి ఎత్తింది.

ఒకటి.

తెల్ల బూట్ల మడమ లేచింది, దిగింది. మళ్ళీ లేచింది. ఈ చెయ్యి వలకి అంతుపట్టక కాలిపట్టీ ఏ వైపూ అదరలేదు కాబోలు, బూటు మొనలు ఒకటి లోపలికీ ఒకటి బయటికీ చూస్తున్నాయి.

రెండు.

బూట్లు బయటికి పరిగెత్తాయి. గూడు ఖాళీ అయింది. ఎస్తేరు చెయ్యి గాల్లో సగంలో ఆగింది. మూడు అనాల్సిన పని లేకపోయింది. నల్ల టేపు చుట్టిన బూటు ఆ ఖాళీలోకి మొదటి అడుగు వేసింది.