ఫైనాన్స్ వాళ్ళ రిప్లై

"పాత చింతపండు ఉందా?"

"పాతది అయిపోనాదమ్మా. కొత్తది పులుపెక్కువ."

కోడ్ సరిపోయింది. పూర్ణా మార్కెట్లో ఆ కొట్టు గడప దాటి, బస్తాల వెనక ఉన్న చీకటి గదిలోకి వెళ్ళింది భ్రమరాంబ. మోకాళ్ళు రెండూ కలుక్కుమన్నాయి. దేశాన్ని కాపాడేవాళ్ళకి ఒక కుర్చీ వేయించకూడదూ అని విసుక్కుంటూ బస్తా మీద కూలబడింది.

కొట్టు యజమాని గంగాధరరావు తలుపు మూశాడు. బయటికి చింతపండు హోల్‌సేల్ వ్యాపారి. లోపల కౌంటర్ ఇంటెలిజెన్స్ విశాఖ స్టేషన్ చీఫ్.

"ఏటి మేడం, మనిషి సగమైపోనారు?"

"జీఎం ఉద్యోగం రావు గారూ. ఒట్టి గూఢచారినైతే ఇంత అలసట ఉండేది కాదు."

అబద్ధం కాదు. తీర రవాణా సమన్వయ సంస్థలో డైరెక్టర్ గారి పేరు మీద వెళ్ళే ప్రతి ఉత్తరమూ ఆమె కళ్ళ ముందు నుంచే పోవాలి. మంత్రిగారికి జవాబు, ఎంపీ గారికి సంజాయిషీ, ఆడిట్ వాళ్ళకి బుజ్జగింపు. వేషం కోసమని పైవాళ్ళు ఎప్పుడో ఇప్పించిన ఉద్యోగం అది. వేషానికి మూడు ప్రమోషన్లు వచ్చాయి. అసలు ఉద్యోగానికి ఒక్కటీ రాలేదు.

"టార్గెట్?" అంది.

"సిల్వర్ హెరాన్. ఫారిన్ ఓడ, బయట లంగరేసుంది. కాగితాల మీద బొగ్గు. అడుగున మాత్రం నీళ్ళలో సప్పుడు పట్టే యంత్రాలు అతికించుకొచ్చింది. లోపలికొచ్చేటప్పుడు రేవు ఛానెల్లో జారవిడిచేస్తాది. ఆ తరవాత మన సబ్‌మెరైన్ ఏది గుమ్మం దాటినా ఆళ్ళకి వినబడిపోతాది. సముద్రంలో మాటేసి కొట్టడానికి ఎంతసేపండి?"

భ్రమరాంబ బస్తా మీంచి లేచి నిలబడింది. ఆమె ఒక్కగానొక్క కొడుకు గోపి సబ్‌మెరైన్లో సోనార్ ఆపరేటర్. ఎప్పుడు వెళ్ళేదీ వాడు చెప్పడు, ఆమె అడగదు. కానీ నిన్న గాజువాక ఇంటికొచ్చి కందిపొడి డబ్బా పట్టుకుపోయాడు. వాడు కందిపొడి అడిగాడంటే బయల్దేరుతున్నట్టే లెక్క.

"లోపలికి వదిలేముందు నీళ్ళలో దిగే డైవర్లు ఓడ అడుగు చూస్తారు కదా?"

"సూడక్కర్లేదని మీ డైరెక్టర్ గారి పేరు మీద దొంగ ఉత్తరం ఒకటి ఎల్తాది. ఈ మధ్యాన్నం పోటుకే. ఆ పోటు దాటిపోతే రాత్రి దాకా ఓడకి లోతు సాలదు. ఇప్పుడే గోల సేసేమనుకోండి, ఆళ్ళు యంత్రాలు నడిసముద్రంలో పారేసి పోతారు. ఆ ఉత్తరం ఎవుడు పంపుతాడో సప్పుడు కాకుండా పట్టుకోవాల."

"నేనొక్కదాన్నేనా?"

"సాయానికి ఢిల్లీ ఓళ్ళు మనిషిని పంపారు. మీ ఆఫీసులో కన్సల్టెంటు మోహనకృష్ణ మనోడే."

ఆహా, మనవాడేనా! ఆఫీసులో అడుగుపెట్టిన రోజు నుంచీ అతను నడిచి వెళ్తుంటే టైపింగు ఆగిపోతోంది. నార చొక్కా, సెంటు, కాస్త నెరిసిన క్రాఫు, చూడగానే ఎవరికైనా మంచినీళ్ళిచ్చి కూర్చోబెట్టాలనిపించే నవ్వు. తనకి మాత్రం ఏజెంటంటే మోకాళ్ళ నొప్పి.

గంగాధరరావు చిన్న చెవి మిషన్ ఆమె చేతిలో పెట్టాడు. "ఇది పెట్టుకుంటే మీరున్న గదిలో మాటలన్నీ నాకు ఇనిపిస్తాయి."

"పెన్ కెమెరా ఇస్తానన్నారు?"

"బ్యాటరీకి ఇండెంట్ పెట్టేం మేడం. కాగితం ఢిల్లీలో ఉంది."

ఆమె ఆఫీసు చేరేసరికి డైరెక్టర్ గారు ఢిల్లీ విమానం ఎక్కేశారు. గది తలుపు తీస్తే, తన కుర్చీలో మోహనకృష్ణ కూర్చుని ఉన్నాడు.

"రండి మేడం. తలుపేసి రండి."

కంప్యూటర్ తెర మీద ఉత్తరం. సిల్వర్ హెరాన్‌కి డైవర్ల తనిఖీ మినహాయింపు, ఈ పోటుకే అనుమతి. అడుగున డైరెక్టర్ గారి డిజిటల్ సంతకం. పోర్టు కంట్రోల్ రూముకి అప్పుడే వెళ్ళిపోయింది కూడా.

"ఆయన విమానంలో ఉన్నారు. ఎవరు పంపారిది?"

"నేనే." చేతి రుమాలు పక్కకి జరిగింది. కింద సైలెన్సర్ బిగించిన పిస్టల్. "ఢిల్లీ వాళ్ళూ జీతమిస్తారు, ఈ ఓడవాళ్ళూ ఇస్తారు. వీళ్ళది టైముకొస్తుంది. ఫోన్ ఇలా ఇవ్వండి."

ఇచ్చింది. చెవి మిషన్ వైపు అతను కన్నెత్తి కూడా చూడలేదు. ఆ వయసు ఆవిడకి అది మామూలే అనుకున్నట్టున్నాడు.

"మిమ్మల్ని నెలల నుంచి చూస్తున్నాను. అలిసిపోయారు. మీ పేరు మీద లిస్బన్‌లో ఫ్లాట్ రెడీగా ఉంది, సముద్రం కనిపిస్తుంది. మీరు చెయ్యాల్సింది ఏమీ లేదు. ఊరికే కూర్చోండి, చాలు."

ఊరికే కూర్చోవడం! దేవుడు ప్రత్యక్షమై అడిగినా ఆమె అదే కోరుకునేది. ఒక్క క్షణం ఒళ్ళంతా ఆ మాటకి లొంగిపోయింది. అంతలోనే కందిపొడి డబ్బా మూత బిగించుకుంటున్న గోపి చెయ్యి కళ్ళలో మెదిలింది.

బల్ల మీద ల్యాండ్‌లైన్ మోగింది. మోహనకృష్ణ స్పీకర్ నొక్కి, పిస్టల్ ఆమె వైపు తిప్పాడు. "అలౌ చెయ్యమనండి. ఒక్క మాట తేడా వస్తే ఊరుకోను."

"నమస్తే మేడం. నాను అప్పలరాజుని, కంట్రోల్ రూమ్ నుంచి. మీ డైరెక్టర్ గారి లెటరొచ్చింది. డైవర్లు అక్కర్లేదు, ఓడని లోపలికి ఒగ్గీమని. లాగడానికి టగ్గు పడవలు కట్టేసేం. ఏటి సెయ్యమంటారు?"

"లెటర్లో ఉన్నట్టే చెయ్యండి."

"అలాగేనండి."

"అడుగున ఫైనాన్స్‌కి నకలు అని ఉందా?"

"ఉందండి. సమ్మతి కోసం అని ఉంది."

"వాళ్ళ రిప్లై వచ్చిందా?"

అవతల కాగితాలు తిరగేసిన చప్పుడు. "రాలేదు మేడం."

"సరే. మీరు కానివ్వండి. ఊరికే అడిగాను."

"ఊరికే అడిగానంటారేటి మేడం! రేపు ఆడిట్ ఓడొచ్చి నా పీక మీద కూకుంటే?"

"మీ ఇష్టం అప్పలరాజు గారూ."

"నా ఇష్టమేటండి బాబూ, మద్దెలో!" ఫోన్ పెట్టేశాడు.

మోహనకృష్ణ నవ్వాడు. "గుడ్. చూశారా, ఎంత తేలికో."

పాపం, వేషానికి అతను చేసిన ఉద్యోగాలన్నీ కార్పొరేట్‌వి. సర్కారు ఆఫీసులో పై అధికారి ఆజ్ఞని ఎవడూ కాదనడు. పక్క విభాగం జవాబు రాకుండా ఎవడూ కదలడు. ఆ సంగతి అతనికి ఎవరు చెప్తారు?

కిటికీలోంచి రేవు కనిపిస్తోంది. ఓడ ముక్కు ఛానెల్ వైపు తిరిగింది. టగ్గులు పొగ కక్కాయి. భ్రమరాంబ చీర కొంగు పిడికిట్లో నలిపేసింది. అప్పలరాజూ, నాయనా, ఇవాళొక్కరోజు నీ భయం నిన్ను వదలకుండా ఉండాలి.

ఓడ కదిలింది. అలల్ని ఆపే బ్రేక్‌వాటర్ గోడ దాకా వచ్చేసింది. అప్పుడు హారన్ గట్టిగా మోగింది. టగ్గులు తాళ్ళు బిగించి, ఓడని మెల్లగా వెనక్కి లంగరు వైపు లాగడం మొదలెట్టాయి.

మోహనకృష్ణ లేచి నిలబడ్డాడు. "ఏమైంది? ఏం చెప్పావ్ వాడికి?"

"అలౌ చెయ్యమన్నాను. విన్నారుగా."

"మరెందుకు ఆపాడు?"

"ఫైనాన్స్‌కి నకలు ఎందుకు పెట్టారు?"

"మీ పాత లెటర్ ఫార్మాట్ కాపీ చేశాను! ఆ లైన్ దానిలోనే ఉంది!"

"సమ్మతి కోసమని రాశాక సమ్మతి రావాలి నాయనా. మా ఫైనాన్స్ వాళ్ళ దగ్గర్నుంచి ఈ పోటుకి కాదు, వచ్చే వేసవికి వస్తే గొప్ప."

పిస్టల్ పైకి లేచింది. అదే క్షణంలో తలుపు విరిగి లోపలికి పడింది. దాని మీదుగా గంగాధరరావు, ఇద్దరు మనుషులు దూకారు. మోహనకృష్ణ నెత్తి మీదినుంచి నడుం దాకా చింతపండు గోనె దిగిపోయింది. పిస్టల్ పేలి కేలండర్‌కి చిల్లు పడింది.

"ఇంతసేపా?" అంది భ్రమరాంబ.

"కాన్వెంట్ జంక్షన్ దగ్గర లారీలు మేడం!"

సమ్మతి లేదు కనక అప్పలరాజు రూలు ప్రకారం డైవర్లని దింపాడు. ఓడ అడుగున ఉన్నవన్నీ ఉన్నచోటే దొరికాయి.

సాయంత్రం గోపి ఫోన్ చేశాడు. "అమ్మా, కొన్నాళ్ళు ఫోన్ కలవదు."

"సరేరా. వేళకి తిను," అంది. ఫోన్ పెట్టేశాక బల్ల మీద తల ఆనించి, తనివితీరా ఏడ్చింది.

కళ్ళు తుడుచుకుంటుంటే డైరెక్టర్ గారి ఫోన్. సంతకం దొంగదో, దొరదో తరవాత తేలుతుందట. తన పేరు మీద వెళ్ళిన ఉత్తరం అమలు కాలేదని పైనుంచి అడుగుతున్నారట. బాధ్యులైన అధికారికి తక్షణం మెమో వెళ్ళాలట.

డైరెక్టర్ గారి మెమోలు రాసేది భ్రమరాంబే. తనకి తానే మెమో డ్రాఫ్టు రాసి పంపింది. భాష ఇంకాస్త కఠినంగా ఉండాలన్నారాయన. ఆమె కళ్ళద్దాలు సర్దుకుని కఠినం చేసింది.