మూడో పిలుపు

కువైట్‌లోని సల్వాలో ఆ పచ్చగేటు ఇంటి ముందు, ఇళ్లల్లో పనికొచ్చిన మా రాయచోటి ఆడవాళ్లు పొద్దుగూకి మగ్రిబ్ నమాజు దాటాక నడవరు. అక్కడ నరసింహులున్నాడంటారు.

నరసింహులు మా ఊరి దెయ్యం. రెండొందల ఏళ్ల కింద కోట వాకిలి కాచే బంటు. ఎన్ని యుద్ధాల్లో కత్తిగాట్లు తిన్నా కూడు సరిగా పుట్టలేదని, ఒక రాత్రి శత్రువుకి కోట తలుపు తీశాడు. తెల్లారేసరికి దివానయ్యాడు. తర్వాత ముగ్గురు దొరలు మారారు... దివాను మారలేదు. మన ఎమ్మెల్యేలకు మూలపురుషుడన్నమాట. చచ్చేటప్పుడు మాత్రం "తలుపు వెయ్యండి... వాళ్లొస్తున్నారు" అని ఒకటే అరుపులు. ఒక్కడూ లేచి వెయ్యలేదు.

అప్పట్నుంచి చీకటి పడితే చాలు — వాకిట్లో నిలబడి, తెలిసినవాళ్ల గొంతుతో పేరు పెట్టి పిలుస్తాడు. రెండుసార్లే. మూడోసారి పిలవడం దెయ్యానికి చేతకాదు. అందుకే మావాళ్లు మూడో పిలుపుకి గానీ పలకరు.

కువైట్‌కి ఎలా వచ్చాడంటారా? ఆ ఇంట్లో ముందు పనిచేసిన సూరాయమ్మ ఊరగాయ జాడీకి అంటుకుని వచ్చాడట. వీసా లేదు, ఉండనిచ్చే ఇఖామా కాగితం లేదు, పాస్‌పోర్టు లాక్కుని పెత్తనం చేసే కఫీల్ లేడు. మాలో సుఖపడింది వాడొక్కడే.

ఇరాక్ సైన్యం వచ్చిన ఏడు ఆ ఇంటి యజమానురాలు, మేం 'మామా' అనే ఆమె, పిల్లల్ని తీసుకుని సౌదీకి పారిపోయింది. పనిమనిషి గంగులమ్మని ఇంటికి కాపలా పెట్టింది. కాయడానికి ఏం మిగిలిందని? గంగులమ్మ రొట్టెల వరసలో నిలబడి ఉన్న పూట సైనికులొచ్చి టీవీ, ఫ్రిజ్, ఆఖరికి తలుపు గొళ్లెం కూడా ఊడబీక్కుపోయారు. గొళ్లెంతో ఏ దేశాన్ని గెలుస్తారో!

మళ్లీ వస్తారని వీధంతా గుసగుస. చేతికి చిక్కిన ఆడవాళ్లను ఏం చేస్తున్నారో కూడా... గుసగుసగానే.

పక్కింటి డ్రైవరు పెంచల్ మా ఊరివాడే. మాట ఇచ్చాడు.

"తెల్లారి ఫింటాస్ నుంచి దేశం దాటించే బస్సు పోతాదక్కా. పొద్దుగూకినాక వచ్చి పిలుస్తా... మూడుసార్లు."

కరెంటు లేదు. గంగులమ్మ మూట ఒళ్లో పెట్టుకుని తలుపు వెనక కూర్చుంది.

"గంగులక్కా..."

పెంచల్ గొంతే.

"గంగులక్కా... తలుపు తియ్..."

తలుపు మీద చెయ్యి వేసి, ఊపిరి బిగబట్టి, మూడోదాని కోసం ఆగింది.

రాలేదు.

నరసింహులు! మూట అక్కడే వదిలేసి, మెట్లెక్కి, మిద్దె మీద నీళ్ల ట్యాంకు వెనక దూరింది. కింద తలుపు దబదబా మోగింది... మోగి, మోగి... ఆగిపోయింది.

తెలవారకముందే గోడ దూకి, సందులు పట్టి, పడుతూ లేస్తూ ఫింటాస్ చేరింది. బస్సులో పెంచల్ కనబడ్డాడు. దవడ గుమ్మడికాయంత వాచి ఉంది.

"రాలేదేంరా?"

"వచ్చినా. ఇద్దరు సైనికులు వీపుకి తుపాకి ఆనించి పిలిపించినారు. లోపల ఆడమనిషి ఉందని ఎవడో చెప్పినాడంట. మూడోసారి పిలిస్తే నువ్వు తీస్తావని... నోరు మూసుకుంటి. తుపాకి మడమతో కొట్టినా పిలవలే."

గంగులమ్మ వాడి చెయ్యి గట్టిగా పట్టుకుంది.

"నాదేముందిలే అక్కా. భలే పట్టినావు తలుపు! ఇద్దరు దున్నపోతులు తన్నినా ఇంచు కదల్లేదు. పైగా మొగోడి మాదిరి గొంతు మార్చి గొణుగుతివి చూడు — 'వెయ్యండి... తలుపు వెయ్యండి' అని. అది విని వాళ్లే జడుసుకుని పాయిరి."

గంగులమ్మ వాడి చెయ్యి వదిలేసింది.

"నేను మిద్దె మీదుంటి కదరా..."