ఊపిరికి ఊగే తెరలు

ఆ పాత క్షయ ఆసుపత్రి పేరెత్తితే చాలు, ఆ వీధివాళ్లు మాట మార్చేస్తారు. రోగులు పోయారు, మంచాలు పోయాయి, ఇప్పుడది బొమ్మల ప్రదర్శనలు పెట్టుకునే హాలైంది. అయినా సరే... చీకటి పడ్డాక పెద్ద వార్డులో ఒంటరిగా ఉంటే, పక్కనే ఎవరో ఊపిరి పీలుస్తారట.

ఈ సంగతి కాగితాలు కోసి బొమ్మలు చేసే ఆ చిత్రకారిణికి తెలియక కాదు. కానీ తెల్లారితే ఆ పెద్ద వార్డులోనే తన ప్రదర్శన. పనివాళ్లు వెళ్లిపోయారు. ఇంకొక్క తెర వేలాడదీస్తే అయిపోతుంది. ఉల్లిపొరలాంటి కాగితాన్ని బ్లేడుతో వలలా కోసి చేసిన నిలువెత్తు తెరలవి — ఎదురుగా నిలబడి గట్టిగా మాట్లాడినా ఊగుతాయి. అందుకే కిటికీలన్నీ బిగించి, ఫ్యాన్లు ఆపేసి, నిచ్చెనెక్కింది.

దారం ముడేస్తోంది... మూలనున్న తెర కదిలింది.

మెల్లగా ముందుకొచ్చింది... వెనక్కి పోయింది. మళ్లీ ముందుకు... మళ్లీ వెనక్కి. అచ్చం ఎవరో నిద్రలో ఊపిరి తీస్తున్నట్టు!

తన ఊపిరేనేమోనని బిగబట్టింది.

తెర ఆగలేదు.

“ఎ... ఎవరది?”

“అరవకే... నేనే.”

అన్నయ్య! ఉద్యోగం మానేసి కాగితాలు కోసుకుంటానన్న రోజు నుంచీ ఆమెతో మాట్లాడని అన్నయ్య — ఆ తెర వెనకాల దొంగలా నక్కి ఉన్నాడు.

“నువ్వా! పై ప్రాణాలు పైనే పోయాయి నాకు!”

“రేపు అందరి ముందూ రావడానికి మొహం చెల్లలేదే. నీకు తెలీకుండా చూసి పోదామని...” కాసేపు నసిగి, “బాగున్నాయి,” అన్నాడు.

ఆమెకి నవ్వూ ఏడుపూ ఒక్కసారే తన్నుకొచ్చాయి.

అన్నయ్య తెర చాటు నుంచి ఇవతలికొచ్చాడు. ఆమె వైపు చూశాడు... చూపు నిచ్చెన మొదట్లోకి దిగింది... అక్కడే ఆగిపోయింది. మొహంలో నెత్తురు చుక్క లేదు.

“దిగు,” అన్నాడు గుసగుసగా. “నన్నే చూస్తూ దిగు. కిందికి మాత్రం చూడకు.”

“ఏమైంది?”

“దిగమన్నానా...”

ఒక్కో మెట్టూ కాలితో తడుముకుంటూ దిగింది. నేల తగిలీ తగలగానే చెయ్యి పట్టుకుని బరబరా లాక్కుపోయాడు. వీధి దీపం కిందికొచ్చేదాకా ఆగలేదు.

“చెప్పన్నయ్యా... ఏం చూశావ్?”

అతను ఆసుపత్రి వైపు తిరిగి చూడను కూడా లేదు.

“ఎవరో ముసలావిడ... నువ్వు పడిపోకుండా నిచ్చెనని రెండు చేతులా పట్టుకుని నిలబడింది. నువ్వు కాలు కింద పెట్టేదాకా... వదల్లేదే.”