పన్నెండో సెకను

సరిగ్గా పదకొండో సెకనులో గొడుగు తిరగబడింది. వీడియో అక్కడితో ఆగిపోయింది.

సిబి బైక్ తీశాడు. ఆ ఎర్ర గొడుగు వాళ్లమ్మ కార్ఖానాలో తయారైంది. బడులు తెరవడానికి తొమ్మిది రోజులే ఉన్నాయి. ఈ వానాకాలం అమ్మకాలు పోతే కుట్టే పద్నాలుగు మందికీ పని ఉండదు.

అలప్పుళ బీచ్‌లో హోరుగాలి. ఆ వీడియో తీసి పంపిన మెరిన్ తాపీగా పల్లీలు తింటోంది. ఫోన్‌లో ఆమె మాట నమ్మేవాళ్లు మూడు లక్షల మంది.

"ఇదేనా మీ ప్రచారం?"

"డ్రాఫ్టే కదా మాష్టారూ! మీరు ఓకే అంటేనే పోస్టు చేస్తాను. వద్దంటే అడ్వాన్స్ వెనక్కిచ్చేస్తా. అబద్ధం మాత్రం చెప్పను."

"మీరు చెప్పింది సగమే. పన్నెండో సెకను ఏదీ?"

"ఏముంటుంది అందులో? విరిగిన ఊచలా?"

సిబి గొడుగు అందుకుని గాలికి ఎదురుపట్టాడు. టప్పున తిరగబడింది. మీట నొక్కి మూశాడు. మళ్లీ తెరిచాడు. ఒక్క ఊచా వంగలేదు.

"మొండిగా నిలబడే గొడుగు విరుగుతుంది. మాది గాలికి తలొగ్గి మళ్లీ లేస్తుంది."

"ఒక్కసారి ఎవరైనా లేస్తారు. పదిసార్లు చూపించండి."

పదిసార్లూ చూపించాడు. పదోసారి ఆమె గొడుగును చూడటం మానేసి అతన్ని చూస్తోంది. కెమెరా మాత్రం తిరుగుతూనే ఉంది.

పైన 'ప్రకటన' అన్న పట్టీతో ఆ సాయంత్రమే వీడియో వెళ్లింది. వారంలో కార్ఖానాలో ఎర్ర గుడ్డ అయిపోయింది.

బడులు తెరిచిన రోజు కుండపోత. సిబి ఫోన్‌కి ఇంకో డ్రాఫ్ట్ వచ్చింది. గొడుగు తిప్పుతూ అతను, పక్కన నవ్వుతూ ఆమె. పదకొండు సెకన్లు.

వెంటనే ఫోన్ చేశాడు. "ప్రకటన అన్న పట్టీ మరిచిపోయారు. రూల్ కదా?"

"దీనికి మీ దగ్గర పైసా తీసుకోలేదు. పోస్టు చేయడానికీ కాదు. మీకొక్కరికే. ఓకేనా?"

సిబి గుండె టప్పున తిరగబడింది.

"ఓకే. ఒక్క మార్పు. పన్నెండో సెకను నేనొచ్చి చెబుతాను."

"బీచ్‌లోనే ఉన్నాను. తడుస్తున్నాను. త్వరగా రండి."

రెండు గొడుగులు లాక్కుని గుమ్మం దాటబోయాడు. వాళ్లమ్మ అలియమ్మ అడ్డొచ్చి ఒకటి వెనక్కి తీసుకుంది.

"అమ్మచ్చీ, ఇద్దరం ఉన్నాం!"

"విన్నాన్లేరా. గొడుగులమ్ముకునే దాన్ని, నేనే చెబుతున్నా. ఇవాళ ఒకటి చాలు."